బూటు వైద్యం

జైలు ఆసుపత్రి అని బోర్డు పెట్టారు గానీ, ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో ఒక బల్ల, మందుల బీరువా, గోడ పొడవునా బెంచీ. లోపలి గదిలో ఇనప మంచాలు, వాటి మీద ఎంత ఉతికినా మరకలు వదలని దుప్పట్లు. డాక్టరు వారానికోసారి వచ్చి, కుర్చీ వేడెక్కకముందే లేచి వెళ్ళిపోతాడు. మిగతా రోజులన్నీ నర్సమ్మదే రాజ్యం. ఖైదీలు ఆమెని అక్కా అంటారు. ఆమెకన్నా వయసులో బాగా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకి కత్తిపోట్లంటే, పగిలిన తలకాయలంటే భయంగా ఉండేది. అవీ చూసింది. కానీ రోజూ చూసేది మాత్రం కడుపులు. కూర్చుని కూర్చుని కదలడం మానేసిన కడుపులు, దిగులుతో మండిపోయే కడుపులు, తింటే ఒక బాధ, తినకపోతే ఇంకో బాధ పెట్టే కడుపులు. ఒకడు గుండె పట్టుకుని చచ్చిపోతున్నానంటూ వస్తాడు. పెద్ద త్రేన్పు ఒకటి రాగానే తల గోక్కుంటూ వెళ్ళిపోతాడు. ఒకడికి మొలలు, కూర్చోలేడు, చెప్పుకోలేడు.

ఆ వారం మాత్రం అందరికీ విరేచనాలే. వెనక బ్యారక్ నీళ్ళ ట్యాంకులో మురుగు కలుస్తోందని నర్సమ్మ సూపరింటెండెంటుకి చెప్పింది. "చూద్దాంలెండి" అన్నాడాయన. ఆ చూడటం ఇంకా కాలేదు. పొద్దున్నే బెంచీ నిండిపోయి, వసారాలో కూడా మనుషులు గోడకి ఆనుకుని, పొట్టలు పట్టుకుని నిలబడ్డారు.

"అక్కా, నా గోడు కూడా విను" అన్నాడు వరసలో ముందున్న ముసలాయన. జైల్లో అందరికన్నా పాతవాడు కాబట్టి అందరూ పెద్దాయనా అంటారు. "బ్యారక్ మొత్తం బెయిలు మీద బయటికి పోతుంటే నా కడుపులోది ఒక్కటే యావజ్జీవం వేయించుకుని కూర్చుంది. కదలమంటే కదలదు."

వసారా అంతా గొల్లుమంది. నర్సమ్మ కూడా నవ్వు ఆపుకోలేక, ఆయన చేతిలో విరేచనం మందు పెట్టి, "నీళ్ళు బాగా తాగు. ట్యాంకువి కాదు, వంటగదిలో కాచినవి" అంది.

ఆ నవ్వులో నవ్వనివాడు ఒక్కడే. జైలు కుట్టుపని షెడ్డులో పనిచేసే దర్జీ. సన్నటి మనిషి, నోట్లో నాలుక లేనివాడు. అతన్ని భుజం పట్టుకుని తీసుకొచ్చినవాడు లారీ డ్రైవరు, అతని బావ. దర్జీ అక్కని చేసుకున్నాడు. పక్కింటివాళ్ళతో గోడ తగాదా ముదిరి, కర్రలు లేచి, అవతలివాడి చెయ్యి పనికిరాకుండా పోయి, బావా బామ్మర్దులిద్దరూ ఒకేసారి లోపలికి వచ్చారు. కర్ర ఎత్తింది డ్రైవరే. దర్జీ ఆపడానికి అడ్డం వెళ్ళాడు. కోర్టులో ఆ తేడా ఎవరికీ పట్టలేదు.

"అక్కా, వీడు నిన్నటి నుంచీ ఏమీ తినట్లేదు. ఒకసారి కక్కాడు కూడా" అన్నాడు డ్రైవరు. "ఏరా బామ్మర్దీ, నోరు తెరిచి చెప్పు. కడుపునొప్పికి కూడా నేనే సాక్ష్యం చెప్పాలా?"

"బొడ్డు చుట్టూ పట్టేసినట్టుందక్కా" అన్నాడు దర్జీ.

నర్సమ్మ అతన్ని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. మెత్తగానే ఉంది. బొడ్డు దగ్గర నొప్పి అన్నాడు, కుడివైపు కింద ఏమీ లేదన్నాడు. జ్వరం పెద్దగా లేదు. వారమంతా చూస్తున్న కడుపులే కదా, ఇదీ అలాంటిదే కావచ్చు. అయినా ఆమె మనసులో ఏదో గుచ్చుకుంది. అతనికి విరేచనాలు లేవు.

"ఏమీ తినకు. నొప్పి ఇక్కణ్ణుంచి కదిలి కుడివైపు కిందికి దిగిందనుకో, ఎంత పనిలో ఉన్నా ఆపి నా దగ్గరికి రా" అని చెప్పింది. ఆ మాట అతనికి చెప్పి ఊరుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ హెడ్ వార్డర్‌కి కూడా చెప్పింది.

హెడ్ వార్డర్‌ని ఖైదీలు చాటుగా బూటు అంటారు. మిగతా వార్డర్లు లాఠీ ఎత్తుతారు, ఈయన కాలెత్తుతాడు. రోజూ పాలిష్ చేసుకునే ఆ బూట్లు వరండాలో కిర్రుమంటే చాలు, మాటలు ఆగిపోతాయి.

"హెడ్ గారూ, ఇతనికి నొప్పి కుడివైపు దిగిందంటే అది అపెండిక్సు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అడిగితే ఆపకండి" అంది నర్సమ్మ.

"సరేలెండి సిస్టరమ్మా. ఈ వారం వీళ్ళందరికీ కడుపునొప్పులే. పని ఎగ్గొట్టడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంది?" అన్నాడతను.

ఆమె నవ్వలేదు. "నేను హాస్యానికి చెప్పట్లేదు" అంది.

"సరే అన్నానుగా" అన్నాడు బూటు.

ఆ సాయంత్రం కుట్టు షెడ్డులో జరిగింది ఆమె కళ్ళారా చూడలేదు. డ్రైవరు చెప్పగా తర్వాత తెలిసింది. దర్జీ మిషను తొక్కుతూ తొక్కుతూ కుడిపక్కకి వంగిపోయాడట. కాలు చాపలేకపోయాడట. లేచి, గోడ పట్టుకుని బూటు దగ్గరికి వెళ్ళి, "సార్, కుడివైపుకొచ్చింది. అక్క రమ్మంది" అన్నాడట. "అక్క ఇంటికెళ్ళిపోయింది. నువ్వు మిషనుకెళ్ళు" అన్నాడట బూటు. దర్జీ అక్కడే చతికిలబడ్డాడు. లేవమంటే లేవలేదు. లాఠీతో భుజం మీద కొడితే లేవలేదు. అప్పుడు బూటు కాలెత్తి పొట్టలో తన్నాడు. ఒకసారి కాదు.

దర్జీ కేకపెట్టాడు. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. డ్రైవరు లేవబోతే ఇద్దరు వార్డర్లు లాఠీలతో అతన్ని గోడకి అదిమిపెట్టారు.

విచిత్రమేమిటంటే, కాసేపటికి దర్జీ ముఖంలో నొప్పి పోయింది. ఊపిరి పీల్చుకుని, తనే లేచి కూర్చున్నాడు. "తగ్గింది" అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

బూటు పకపకా నవ్వాడట. "చూశారా? మీ అక్క బిళ్ళలకి తగ్గంది నా మందుకి తగ్గింది. ఇంకెవరికైనా కడుపునొప్పి ఉంటే రండి, వరసలో నిలబడండి."

* * *

పొద్దున నర్సమ్మ గేటు దాటి లోపలికి వచ్చేసరికే దర్జీని దుప్పటిలో వేసి తెచ్చి ఆసుపత్రి గదిలో పడుకోబెట్టారు. మోసుకొచ్చినవాళ్ళలో డ్రైవరు ఉన్నాడు. అతని నుదురు చిట్లి రక్తం గడ్డకట్టి ఉంది.

ఆమె అతని ముఖం వంక కాదు, దర్జీ పడుకున్న తీరు వంక చూసింది. మామూలు కడుపునొప్పివాడు మెలికలు తిరుగుతాడు. ఇతను కదలట్లేదు. మోకాళ్ళు పైకి ముడుచుకుని, ఊపిరి కూడా పైపైనే తీసుకుంటూ, శరీరం గాజుసామానైనట్టు జాగ్రత్తగా పడుకుని ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. ఆమె అరచెయ్యి మెల్లగా పొట్ట మీద పెట్టింది. చెక్క మీద పెట్టినట్టుంది.

"నొప్పి మధ్యలో ఎప్పుడైనా ఆగిందా?" అని అడిగింది.

"నిన్న సాయంత్రం. హెడ్ గారు తన్నాక" అన్నాడు దర్జీ, పెదాలు కదిపీ కదపకుండా. "మళ్ళీ రాత్రి మొదలైందక్కా. ఈసారి పొట్టంతా."

ఆమెకి అర్థమైంది. ఉబ్బి ఉన్న అపెండిక్సు పగిలితే బిగువు వదిలి కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయిలోనే చీము అంతా పొట్టలోకి పాకిపోతుంది. ఈ సంగతి ఆమె చదువుకున్న రోజుల్లో పుస్తకంలో చూసింది. మనిషిలో చూడటం ఇదే మొదలు.

"రాత్రి నాకు కబురెందుకు పంపలేదు?"

"అరిచాం అక్కా" అన్నాడు డ్రైవరు. "గొంతులు పోయేలా అరిచాం. తలుపు తీసి నన్ను కొట్టి, మళ్ళీ మూసేసి పోయారు."

నర్సమ్మ మందుల బీరువా తీసింది. సెలైను ఎక్కించింది, ఉన్న ఇంజెక్షన్లలో గట్టిది చేసింది, సూపరింటెండెంటుకి ఫోను చేసింది. "వెంటనే కత్తి పెట్టకపోతే మనిషి దక్కడు సార్. బండి పంపండి." ఆయన గొంతులో కంగారు వినిపించింది. బండి వస్తోంది, కాపలాకి మనుషుల్ని పిలుస్తున్నాను, ఆగమన్నాడు.

ఆ ఆగడంలోనే అంతా జరిగిపోయింది. డ్రైవరు ఆసుపత్రి నుంచి కుట్టు షెడ్డుకి తిరిగి వెళ్ళాడు. అక్కడ బూటు అప్పటికే కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. "ఏరా, మీ బామ్మర్దికి ఇంకో మోతాదు కావాలా?" అని అడిగాడు.

ఆసుపత్రి కిటికీలోంచి నర్సమ్మకి ముందు ఒక కేక, తర్వాత ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత ఏ చప్పుడు దేనిదో తెలియలేదు. షెడ్డు తలుపులోంచి ఒక వార్డరు వెనక్కి నడుస్తూ వచ్చి, వెల్లకిలా పడ్డాడు. అతని మీద నుంచి మనుషులు తొక్కుకుంటూ బయటికి వచ్చారు. బల్లలకి గొలుసులతో కట్టిన పెద్ద కత్తెర్లు గొలుసులతో సహా వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఒకడు కుట్టు మిషను చక్రం ఊడబెరికి, పడిపోయిన వార్డరు మోకాలి మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు అంత దూరానికీ వినిపించింది. వారమంతా మురుగునీళ్ళు తాగి, నిలబడే ఓపిక లేక గోడలకి ఆనుకున్నవాళ్ళే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ బలం, ట్యాంకు దగ్గరికి పోయి ఇనప గొట్టాలు పీకి పట్టుకొచ్చారు. ఎవరో యూనిఫారం గుడ్డల మూటలకి నిప్పు పెట్టారు. నల్లటి పొగ ఆవరణ అంతా కమ్మేసింది. సైరను మోగింది.

సైరను మోగిందంటే పెద్ద గేటు మూసుకున్నట్టే. లోపలికి చీమ రాదు, బయటికి చీమ పోదు. నర్సమ్మ ఫోను ఎత్తింది. అందులో చప్పుడు లేదు.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుని బూటు లోపలికి వచ్చి పడ్డాడు. టోపీ లేదు. ఒక చెవి వేలాడుతోంది. దవడ పక్కకి జరిగిపోయి, నోట్లోంచి రక్తం చొంగలా కారుతోంది. తలుపు మూసి, గడియ వేసి, మందుల బీరువాని అడ్డంగా లాగబోయాడు. లాగలేక అక్కడే కూలబడ్డాడు.

"సిస్టరమ్మా, దాచండి. నన్ను చంపేస్తారు."

నర్సమ్మ అతని వంక చూసింది. మంచం మీద దర్జీ వంక చూసింది. ఆమెకి ఆ క్షణాన ఆ తలుపు తనే తీసేద్దామనిపించింది. నిజంగానే అనిపించింది. చెయ్యి గడియ దాకా వెళ్ళింది కూడా.

"నాటకమనుకున్నాను" అన్నాడు బూటు. దవడ కదలక మాట ముద్దముద్దగా వస్తోంది. "ఒట్టు సిస్టరమ్మా. మా అబ్బాయి కూడా బడికి వెళ్ళమంటే కడుపునొప్పే అంటాడు. అలాంటిదే అనుకున్నాను."

"వాణ్ణి కూడా బూటుతోనే తంతారా?" అంది ఆమె.

అతను తల దించుకున్నాడు. బయట తలుపు మీద దెబ్బ పడింది. మళ్ళీ పడింది. షెడ్డులోంచి తెచ్చిన బల్లతో పొడుస్తున్నారు. మూడో దెబ్బకి గడియ ఊడి వచ్చింది.

ముందు డ్రైవరు వచ్చాడు, చేతిలో కత్తెర, దాని గొలుసు మణికట్టుకి చుట్టుకుని ఉంది. అతని వెనక గుమ్మం నిండా తలలు. డ్రైవరు ఒక్క అంగలో బూటు మీద పడి జుట్టు పట్టుకుని తల వెనక్కి విరిచాడు. కత్తెర మొన మెడ మీద గుచ్చుకుని రక్తం చిమ్మింది.

"ఆగు!" అని అరిచింది నర్సమ్మ.

"అక్కా, నువ్వు అడ్డం రాకు. ఇది నీ పని కాదు."

"నా పనే. నీ బామ్మర్ది ఇంకా చావలేదు."

డ్రైవరు చెయ్యి ఆగింది. అతను మంచం వంక తిరిగాడు. లోపలికి వస్తూ అటు చూడనే లేదని అప్పుడు ఆమెకి అర్థమైంది. ఆ గొడవలో ఎవరో అన్న మాట నమ్మి, దర్జీ పోయాడనే అనుకుని వచ్చాడు.

"బావా" అన్నాడు దర్జీ, కళ్ళు తెరవకుండానే.

డ్రైవరు గొంతులోంచి వింత శబ్దం ఒకటి వచ్చింది. ఏడుపూ కాదు, కేకా కాదు.

"బతికించొచ్చు" అంది నర్సమ్మ. గబగబా చెప్పింది, మళ్ళీ ఆ చెయ్యి కదిలేలోగా. "కానీ ఇక్కడ కాదు. గేటు తీస్తేనే. ఈయన్ని నువ్వు చంపావనుకో, ఇవాళ ఆ గేటు తీయరు. నీకు ఇతని శవం కావాలా, బామ్మర్ది ప్రాణం కావాలా? రెండూ దొరకవు. తేల్చుకో."

గుమ్మంలోంచి ఎవరో, "చంపేయరా, ఏం చూస్తున్నావు" అని అరిచాడు. వెనక నుంచి ఇంకొకడు గొట్టం విసిరాడు. అది బూటు భుజానికి తగిలి, గోడకి కొట్టుకుని మందు సీసాలన్నీ బద్దలు చేసింది.

డ్రైవరు బూటుని పైకి లేపాడు. కడుపులో ఒక్క గుద్దు గుద్దాడు, చేతిలో ఉన్న బలమంతా పెట్టి. బూటు రెండుగా మడతపడి కక్కుకున్నాడు. "ఇది వాడి తరఫున తీర్చిన బాకీ కాదు. నాది" అన్నాడు డ్రైవరు. తర్వాత మణికట్టు నుంచి గొలుసు విప్పి, కత్తెర నర్సమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని కోటు జేబులో వేసుకుంది. జేబు బరువుకి కిందికి సాగింది.

"మంచం ఎత్తండి" అంది. "ముందు కాళ్ళు ఒకటి నువ్వు, ఒకటి ఈయన. ఈయన మంచం మోస్తూ ఉండగా గేటు గోడ మీదున్న కాపలావాళ్ళు కాల్చరు."

వెనక కాళ్ళ దగ్గరికి ఎవరూ రాలేదు. తలలన్నీ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాయి. అప్పుడు మనుషుల్ని తోసుకుంటూ పెద్దాయన వచ్చాడు. "జరగండ్రా. ఇన్నేళ్ళు తిన్న తిండి కడుపులో ఇంకా అలాగే ఉంది, మోయడానికి బలం లేకేం" అని ఒక కాలు పట్టుకున్నాడు. ఇంకొకడు రెండో కాలు పట్టుకున్నాడు. నర్సమ్మ సెలైను సీసా ఎత్తి పట్టుకుని పక్కన నడిచింది.

ఆసుపత్రి నుంచి గేటు దాకా దారి పెద్దదేమీ కాదు. రోజూ ఆమె పరధ్యానంగా నడిచే దారే. ఆ రోజు అది ఎంతకీ తరగలేదు. పొగలోంచి మనుషులు ఊడిపడ్డట్టు వచ్చేవాళ్ళు. బూటుని గుర్తుపట్టగానే మీద పడేవాళ్ళు. ఒకడు వీపు మీద గొట్టంతో కొట్టాడు. ఒకడు ముఖం మీద ఉమ్మి, విరిగిన దవడనే గుద్దాడు. బూటు అరిచాడు, మోకాళ్ళ మీదికి కుంగాడు, కానీ మంచం కాలు వదల్లేదు. వదిలితే మంచం మీదున్నవాడు పోతాడనో, మంచమే తనకి అడ్డమనో, ఏ కారణంతో వదల్లేదో నర్సమ్మకి తెలియదు. మంచం కుదిపినప్పుడల్లా దర్జీ పళ్ళ మధ్యనుంచి మూలిగేవాడు.

"కొట్టకండిరా, మంచం కదులుతోంది!" అని డ్రైవరు ప్రతి ఒక్కడి మీదా అరుస్తున్నాడు. వినని ఒకణ్ణి ఖాళీగా ఉన్న చేత్తో గొంతు పట్టుకుని విసిరేశాడు. "ఓర్చుకో బామ్మర్దీ, గతుకుల రోడ్డు. దాటేశాం, ఇక మంచి రోడ్డే."

గేటు గోడ మీద తుపాకులు వరసగా వంగి ఉన్నాయి. సూపరింటెండెంటు గొంతు మైకులో వినిపించింది. "మంచం అక్కడే దించి అందరూ వెనక్కి పోవాలి!"

"వెనక్కి పోతే మంచం ఎవరు మోస్తారు సార్, మీరొస్తారా?" అని అరిచింది నర్సమ్మ. పొగకి ఆమె గొంతు పూడుకుపోయింది. "పగిలిన అపెండిక్సు సార్! పొద్దున్నే చెప్పాను. చిన్న తలుపు తీయండి. మంచం, నేను, అంతే. ఇంకెవరూ రారు."

తర్వాత పెద్ద గేటులో ఉన్న చిన్న తలుపు గడియలు ఒక్కొక్కటే తీసిన చప్పుడైంది.

తలుపు సందు కనబడగానే వెనకున్న గుంపు కదిలింది. అందరికీ బయటికి పోవాలని కాదు, బూటు చేజారిపోతున్నాడని. ఒక రాయి వచ్చి బూటు తల వెనక తగిలింది. అతను చెట్టు కూలినట్టు ముందుకి కూలాడు. మంచం ఒక పక్కకి ఒరిగింది. దర్జీ జారబోయాడు. డ్రైవరు తన వైపు కాలు నేలకి ఆనించి, అటు దూకి, పడిపోతున్న మంచం మూల భుజంతో ఆపాడు. ఆపుతూనే బూటు మీదికి వంగి, అతని చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగాడు. "లే! మొయ్యి!" అన్నాడు.

పైనుంచి తుపాకీ పేలింది.

డ్రైవరు లేవబోయినవాడు అలాగే కూర్చున్నాడు. మంచం మూల ఇంకా భుజం మీదే ఉంది. చొక్కా ముందు భాగం తడిసిపోవడం నర్సమ్మ చూసింది. సెలైను సీసా వదల్లేక, వంగలేక, "కాల్చకండి! ఆయన చేతిలో ఏమీ లేదు!" అని అరుస్తూనే ఉంది.

"అక్కా, ఆగొద్దు" అన్నాడు డ్రైవరు. "వాణ్ణి పోనీ."

పెద్దాయనా, వెనకనున్న ఇంకొకడూ, ముందుకి వచ్చిన ఇద్దరు కాపలావాళ్ళూ కలిసి మంచాన్ని తలుపులోంచి బయటికి లాగారు. ఆమె కూడా దాంతో పాటే వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే బూటుని కాళ్ళు పట్టుకుని బయటికి ఈడుస్తున్నారు. డ్రైవరు దుమ్ములో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి వాలిపోయాడు. చిన్న తలుపు మూసుకుంది.

* * *

పెద్దాసుపత్రి సర్జను పొట్టిగా, చురుగ్గా ఉండే ఆవిడ. ఆపరేషను గదిలోంచి బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగి, "లోపలంతా చీము. కడిగి కడిగి నా చేతులు పడిపోయాయి" అంది. "ఇంకొంచెం ఆలస్యమైతే నా దాకా తేవాల్సిన అవసరం ఉండేది కాదు. తన్నారా ఎవరైనా?"

"తన్నారు" అంది నర్సమ్మ.

"అది పగలడానికే సిద్ధంగా ఉంది. తన్నకపోయినా పగిలేదేమో. కానీ అడిగినప్పుడే తీసుకొచ్చి ఉంటే చిన్న కోతతో ఇంటికి పంపేదాన్ని."

విచారణలో కూడా నర్సమ్మ ఇదే చెప్పింది. బూటుకి దవడలో తీగలు వేశారు, కింద వార్డులోనే ఉన్నాడు. డ్రైవరు తనని పొడవబోయాడని, అందుకే పైవాళ్ళు కాల్చారని సైగలతో, ముద్దమాటలతో చెప్పాడట. సూపరింటెండెంటు నర్సమ్మని పక్కకి పిలిచి, "గొడవలో మీకు సరిగా కనబడి ఉండదు కదమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆమె అందరి ముందూ కోటు జేబులోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. "అతని దగ్గరున్నది ఇదొక్కటే. కాల్చినప్పుడు ఇది నా జేబులో ఉంది. వంగింది పొడవడానికి కాదు, లేపడానికి" అంది. బూటుని సస్పెండు చేశారు. కాల్చినవాడి మాట ఇంకా తేలలేదు. తేలుతుందని ఆమెకి పెద్ద నమ్మకం లేదు. నీళ్ళ ట్యాంకు మాత్రం కడిగించారు.

దర్జీకి తెలివి వచ్చింది గానీ పొట్ట ఉబ్బి అలాగే ఉంది. ముక్కులో గొట్టం, పొట్ట పక్కన గొట్టం, కాలికి మంచంతో కలిపి గొలుసు. పేగులు నిద్ర లేచేదాకా చుక్క నీళ్ళు కూడా ఇవ్వకూడదన్నారు. సర్జను వచ్చిన ప్రతిసారీ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వింటుంది, అడిగేది మాత్రం ఒకే ప్రశ్న.

"గాలి పోయిందా?"

"లేదమ్మా" అనేవాడు దర్జీ, సిగ్గుతో చచ్చిపోతూ. పక్క మంచాలవాళ్ళు కూడా అదే అడగడం మొదలుపెట్టారు. కాపలా వార్డరు కుర్రవాడు కూడా పొద్దున డ్యూటీకి రాగానే అదే అడిగేవాడు. మనిషి బతుకంతా ఆ ఒక్క గాలి మీద ఆగినట్టుంది.

నర్సమ్మ సెలవు పెట్టి రోజూ వచ్చేది. అతను ఆమెని ఇంకో ప్రశ్న అడిగేవాడు.

"బావ ఎలా ఉన్నాడక్కా? తనకి శిక్ష పెంచుతారా?"

"ముందు నీ కడుపు సంగతి చూడు" అనేది.

బయట వరండాలో దర్జీ అక్క కూర్చుని ఉండేది. ముఖం కడుక్కోవడం కూడా మరిచిపోయిన మనిషి. మొగుణ్ణి కాటికి పంపించి వచ్చింది, తమ్ముడి కోసం కూర్చుంది.

"నేను చెప్పనా?" అని అడిగింది నర్సమ్మ ఆమె పక్కన కూర్చుని.

"వద్దు" అంది ఆమె. "నేనే చెప్పాలి. కానీ ఇప్పుడు చెప్తే వాడు కడుపు బిగబట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. బాధొస్తే వాడికి ముందు కడుపే పట్టేస్తుంది. కదలనీ. కొంచెం నీళ్ళు తాగనీ. అప్పుడు చెప్తా."

మర్నాడు పొద్దున సర్జను ఇంకా వార్డులోకి రాకముందే, ఎండ కిటికీలోంచి మంచాల మీదికి పాకుతున్న వేళ, వార్డంతా వినిపించేలా పెద్ద చప్పుడైంది. తిప్పలు పడి, సాగి సాగి, ఎంతకీ ఆగని చప్పుడు. కాపలా కుర్రవాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. పక్క మంచం మీద ఉన్న రోగి చప్పట్లు కొట్టాడు. వార్డంతా నవ్వింది. కుట్లు లాగి నవ్వలేక, "అమ్మా, నవ్వించకండి" అంటూ దర్జీ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నర్సమ్మ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. సర్జను వచ్చి, విని, ముక్కులో గొట్టం తీసేసి, "చెంచాతో నీళ్ళు ఇవ్వండి. మెల్లగా" అని వెళ్ళిపోయింది.

"బావ వింటే ఊరంతా చాటింపు వేస్తాడక్కా" అన్నాడు దర్జీ, ఇంకా నవ్వుతూనే.

నర్సమ్మ గుమ్మం దగ్గరికి వెళ్ళి అతని అక్కని లోపలికి పిలిచింది. ఆమె చేతిలో గ్లాసు, చెంచా ఉన్నాయి. తమ్ముడి తల కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తి, ఒక చెంచాడు నీళ్ళు పోసింది. అతను కళ్ళు మూసుకుని మింగాడు. గొంతు కదిలింది, పొట్ట ఊరుకుంది.

"ఇంకొంచెం" అన్నాడు.

ఆమె ఇంకొంచెం పోసింది. అది కూడా దిగేదాకా చూసింది. గ్లాసు కింద పెట్టి, అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. దర్జీ అప్పుడు మొదటిసారి ఆమె ముఖం సరిగా చూశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

కాపలా కుర్రవాడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. అతని వెనకే నర్సమ్మ కూడా వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది.